పొదుపరి వినని వేళ

ఉపేంద్ర తాగే టీకి ఒక వేళాపాళా లేదని ల్యాబులో అందరూ నవ్వుకునేవారు. శుక్రవారం పదిన్నరకి తాగితే శనివారం తొమ్మిదింటికే కావాలనేవాడు. మంగళవారం మూడయ్యేదాకా దాని ఊసే ఎత్తడు. బుధవారం పన్నెండుకి, అందరూ అన్నం క్యారియర్లు విప్పే వేళకి, ఈయనకి టీ గుర్తొస్తుంది. సోమవారమైతే ఏడున్నరకి రావలసిన మనిషి తొమ్మిదికి ముందు గుమ్మం తొక్కడు, ఆయన రాందే ఎవరూ పని మొదలుపెట్టరు. టీ ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. టీ వెంట కబుర్లు, కబుర్ల వెంట మీటింగు, అంతా కలిపి గంటన్నర. ఆ గంటన్నరా పరీక్ష బల్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. "కాసేపు ఊపిరి పీల్చుకోండర్రా, ఉపగ్రహం ఎక్కడికీ పారిపోదు" అనేవాడు. పెద్దాయన చాదస్తం అని సరిపెట్టుకున్నారు గాని, ఇదేమిటని ఎవరూ ఆరా తియ్యలేదు. తీసి ఉంటే నేనీ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ల్యాబంటే విశాఖపట్నంలో బీచి రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న మూడంతస్తుల మేడ. సంస్థ పేరు వేగుచుక్క. చిన్న చిన్న ఉపగ్రహాలు తయారుచేసి పైకి పంపిస్తారు. చిన్నవంటే మరీ చిన్నవి, బిస్కెట్ల డబ్బా అంత. వాటిలో కరెంటు సంగతి చూసేది ఉపేంద్ర. చదువు ముగిసిన నాటి నుంచి, దగ్గర దగ్గర ముప్ఫై ఏళ్లుగా, ఆయనకి అదొక్కటే పని. ఎండ పడినంతసేపు సోలార్ పలకలతో పట్టినంత పట్టుకోవాలి, భూమి నీడలోకి వెళ్లాక బ్యాటరీతో నెట్టుకురావాలి. ఉన్నదేమో గుప్పెడు. అడిగేవాళ్లు మాత్రం పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు అందరూ ఒకేసారి అడుగుతారు. కెమెరాకి కావాలి, రేడియోకి కావాలి, లోపల వెచ్చగా ఉంచే హీటరుకి కావాలి. పైగా కెమెరా చేసేవాళ్లు పది వాట్లు అడిగారంటే ఆరు చాలని అర్థం, మిగతాది ముందుజాగ్రత్తకి దాచుకుంటారు. ఎవరెంత దాస్తున్నారో ముఖం చూసి చెప్పేసేవాడు ఉపేంద్ర. ఆ విద్యలో తనని మించినవాళ్లు దేశంలో ఎక్కువమంది లేరని ఆయనకి తెలుసు. కాస్త ఎక్కువగానే తెలుసు.

బయట ఆయనకి ఇంకో పేరు కూడా ఉంది. కాలేజీలవాళ్లు పిలిస్తే వెళ్లి, మూఢనమ్మకాల మీద గంటసేపు దంచి, చప్పట్లు కొట్టించుకుని వస్తాడు. ఇంట్లో భార్య విశాలాక్షి హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ రాహుకాలం చూసుకోందే కొత్త చీర మడత విప్పదు. "లెక్కల టీచరువి, ఆకాశంలో లేని గ్రహానికి రోజూ గంటన్నర రాసిచ్చేస్తావా" అని చుట్టాల ముందు ఏడిపించేవాడు. "నా గంటన్నర నా ఇష్టం లెండి" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఇంత మొనగాడూ ల్యాబులో టీ తాగేది సరిగ్గా రాహుకాలంలోనే.

దాని వెనక ఒక భాగోతం ఉంది. కుర్రతనంలో ఆయన కరెంటు బోర్డు చేసిన మొట్టమొదటి ఉపగ్రహానికి చివరి పరీక్ష మంగళవారం మధ్యాహ్నం పెట్టారు. మూడు దాటాక మొదలుపెడుతుంటే తోటివాళ్లు కాస్త నసిగారు, ఇంకో గంట ఆగుదామన్నారు. "రాహువొచ్చి నా ఛార్జరు మింగుతాడా" అని నవ్వి, స్విచ్చి తనే నొక్కాడు. ఆ ఉపగ్రహం పైకి వెళ్లిన నెల లోపే మూగబోయింది. ఎందుకు పోయిందో తర్వాత తేలింది కూడా. బ్యాటరీ దగ్గర ఒక అతుకు చలికి విరిగింది, అంతే. కారణం తెలుసు, కాగితం మీద గీసి చూపించగలడు. అయినా ఆనాటి నుంచి ఆ వేళకి ఆయన చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లలేదు. నమ్మానని ఒప్పుకుంటే పరువు పోతుంది, నమ్మనని నొక్కితే గుండె దడ. మధ్యేమార్గంగా టీ దొరికింది. ఇంట్లో ఆవిడకి తెలియదు, ల్యాబులో ఎవరికీ తెలియదు. ఏళ్లు గడిచేసరికి తనకి కూడా గుర్తులేనంతగా అలవాటైపోయింది.

అలాంటి మనిషి చేతుల మీదుగా పొదుపరి పుట్టింది.

పొదుపరి అని పేరు పెట్టింది ఆయనే. అరచెయ్యంత బోర్డు. అంతకు ముందు ఉపగ్రహంలో దేనికి ఎప్పుడు కరెంటివ్వాలో కిందనే రాసి పంపేవారు, పైన అది గుడ్డిగా పాటించేది. పొదుపరికి ఎవరూ ఏమీ రాసివ్వక్కర్లేదు. కొన్ని నెలలు పక్కన కూర్చోబెట్టి పని చూపిస్తే, ఏ వేళకి ఎవరి అవసరం ఎంతో తనంతట తనే పసిగడుతుంది. అవసరం లేని వేళ పీక నొక్కుతుంది, ఉన్న వేళ పెడుతుంది. ఉపేంద్ర ముప్ఫై ఏళ్లు ముఖాలు చూసి నేర్చుకున్నది అది నెలల్లో నేర్చుకుంది. దాంతో బిస్కెట్ల డబ్బా చేత పెద్ద ఉపగ్రహం చేసే చాకిరీ చేయించవచ్చని తేలింది. రెండు డజన్ల డబ్బాలు చేశారు. ఎప్పుడు చూసినా ఒకటి బంగాళాఖాతం మీద ఉండేలా ఒకదాని వెనక ఒకటి తిప్పాలని ఏర్పాటు. పని రెండు రకాలు. ఒకటి సముద్రం ఫొటోలు తియ్యడం. రెండోది, అసలుది, వేటకి వెళ్లినవాళ్లు ఎవరైనా పడవలో పెట్టుకున్న పెట్టె మీద ఆపద బొత్తం నొక్కితే విని ఒడ్డుకి చెప్పడం.

నేర్పించే పని కెజియాకి ఇచ్చారు. నరసాపురం పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, ఆదివారం చర్చి మానదు, మిగతా ఆరు రోజులూ బల్ల వదలదు. పగలంతా తను బొత్తాలు నొక్కేది. ఒకసారి తడిసిన బొత్తం, ఒకసారి బ్యాటరీ సగం అయిపోయిన బొత్తం, ఒకసారి నొక్కి వెంటనే వదిలేసిన బొత్తం. నొక్కిన ప్రతిసారీ పొదుపరి వినాలి, విన్నది గుర్తుపెట్టుకోవాలి. తను అన్నానికి లేస్తే ఇంకొకరు కూర్చునేవారు. ల్యాబు మూసేశాక, ఆదివారాలూ, కంప్యూటరే తోచినప్పుడల్లా నొక్కేది. అలా రాత్రీ పగలూ తేడా లేకుండా ఉత్తుత్తి ఆపదలు వచ్చిపడుతూనే ఉండేవి, ఒక్క టీ వేళ తప్ప. టీ వేళ కెజియా కూడా గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేది.

పొదుపరి అదీ నేర్చుకుంది. నేర్చుకుని మనసులో పెట్టుకుంది.

పైకి వెళ్లిన మొదటి ఏడాది బ్యాటరీలు కొత్తవి, కరెంటు పుష్కలం, పీక నొక్కవలసిన అవసరమే రాలేదు. ఒక తుపాను ముందు భీమిలి వైపు పడవలు నొక్కితే విని చెప్పింది, అందరూ బతికి బయటపడ్డారు. ఉపేంద్ర ఫొటో పేపర్లో పడింది. హార్బరులో దండ వేశారు. ఆ దండ ఇంటికి తెస్తే విశాలాక్షి కళ్లకద్దుకుని దేవుడి పటానికి వేసింది, దానికీ ఏదో హాస్యమాడాడు. రెండో ఏడాదికి బ్యాటరీలు కాస్త నీరసించాయి. ఎక్కడ తగ్గిద్దామా అని పొదుపరి వెతుక్కుంది. ఎన్నడూ ఎవరూ నొక్కని వేళ ఒకటి దానికి బాగా గుర్తుంది. ఆ వేళకి వినికిడి కట్టేసి, మిగిలిన కరెంటు కెమెరాకి పెట్టడం మొదలుపెట్టింది. ఫొటోలు ఇంకా బాగా వస్తున్నాయని ఆఫీసులో మెచ్చుకున్నారు.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం, పొద్దున్న పదకొండు ప్రాంతంలో, సూరాడ ఎల్లాజి, అతని తమ్ముడు నూకరాజు వెళ్లిన ఫైబరు పడవ తిరగబడింది. ఎల్లాజి రెండు రోజులు పడవ అడుగు పట్టుకుని వేలాడి, వేరే పడవవాళ్ల కంట పడ్డాడు. నూకరాజు దొరకలేదు. ఉపగ్రహాలకి ఆ శుక్రవారం ఏ పిలుపూ అందలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన వెంటనే ఎల్లాజి తిన్నగా ల్యాబుకి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎండకీ ఉప్పుకీ పెదాలు పగిలిపోయి ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాను నొక్కినాను బాబూ. లైటెలిగింది. ఎలిగితే పైకి ఎల్లినట్టేనని మీవోలే సెప్పినారు. పెట్టె ఎంటనే మునిగిపోయినా బెంగెట్టుకోనేదు. పడవొగ్గి ఎల్లొద్దు, వచ్చీస్తారు అనీసి సెప్పినారు. మా నూకరాజు ఈతగాడు బాబూ. దూరంగా ఓడొకటి కనబడతంది, ఆడు ఈదీగలడు. లైటెలిగింది కదన్నా, వచ్చీస్తారు అనీసి నాతో ఉండిపోనాడు. రాత్రికి సెయ్యి జారిపోనాది."

ఉపేంద్ర మంచినీళ్లు తెప్పించాడు. అప్పటికి ఆయనకి నిజంగానే ఏమీ తెలియదు. "గాభరాలో ఒక్కోసారి సరిగా నొక్కుపడదు ఎల్లాజీ. నీ తప్పు అనడం లేదు" అన్నాడు.

"నొక్కినాను బాబూ" అన్నాడు ఎల్లాజి. "మా మరదలు కూడా నమ్మట్లేదు. తాగీసుంటాను, నొక్కడం మరిసిపోయుంటాను అంతంది. మీరైనా సూసి సెప్పండి."

చూస్తానని మాటిచ్చి పంపించాడు. చూసే పని కెజియాకి అప్పగించాడు.

మర్నాడే ఆ పిల్ల ఒక గ్రాఫు తెచ్చి ముందు పెట్టింది. గత కొన్ని వారాలుగా ఉపగ్రహాలు ఎప్పుడెప్పుడు వినడం మానేశాయో అందులో రంగు వేసి చూపించింది. వారం పొడుగునా రోజుకొక నల్లటి మెట్టు. సోమవారం పొద్దున్నే ఒకటి, మంగళవారం మధ్యాహ్నం ఒకటి, బుధవారం మిట్టమధ్యాహ్నం ఒకటి. ఒక్కో మెట్టు గంటన్నర. ఆదివారం మాత్రం ఖాళీ.

"ఇదేంటో నాకు అంతుపట్టడం లేదు సార్. అన్ని ఉపగ్రహాల్లోనూ ఒకేలా ఉంది. శుక్రవారం మెట్టు పదిన్నర నుంచి పన్నెండు. ఆయన నొక్కానంటున్నది అప్పుడే."

ఉపేంద్రకి అంతుపట్టడానికి రెప్పపాటు పట్టలేదు. తెలుగువాళ్ల ఇళ్లలో గోడకి వేలాడే ఏ క్యాలెండరు చూసినా ఉండేదే. చిన్నప్పుడు పరీక్షలో చీటీ పట్టుబడ్డప్పుడు ఎలా ఒళ్లు చచ్చుబడిపోయిందో సరిగ్గా అలా అయింది. మనిషి పోయాడన్న బాధకంటే ముందు, ఈ పిల్లకి తెలిసిపోతుందేమోనన్న భయం వచ్చింది. అలా ముందు వచ్చినందుకు తర్వాత ఎంత సిగ్గుపడ్డా, ఆ క్షణానికి మాత్రం అదే వచ్చింది.

"సూర్యకోణం" అన్నాడు. "పలకల మీద ఎండ పడే కోణం మారుతుంటుంది కదమ్మా. దాని ప్రభావం. నేను చూసుకుంటాలే, నువ్వు ఫొటోల పని చూడు."

"అన్నిటికీ ఒకేలానా సార్?"

"చూసుకుంటానన్నాను కదా."

ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. సార్ అన్నాక ఇంకేముంటుంది!

ఆ సాయంత్రమే ఉపేంద్ర ఒక్కడూ కంట్రోలు గదిలో కూర్చుని, పొదుపరి నేర్చుకున్నదాంట్లోంచి ఆ గంటన్నరలన్నీ చెరిపేసే ఆదేశం రాసి పైకి పంపించాడు. పెద్ద పనేం కాదు, నాలుగు వరసలు. ఇక ముందు ఎవరూ పోరు, అది చాలదా అని తనకి తనే సమాధానం చెప్పుకున్నాడు. మరో రెండు రోజులకి డైరెక్టరు, సంస్థ తరఫున రిపోర్టు కావాలని అడిగాడు. ఉపగ్రహాలన్నీ సరిగా పనిచేస్తున్నాయనీ, పడవ నుంచి పిలుపు వెలువడిన దాఖలా లేదనీ రాసి సంతకం పెట్టాడు. అక్షరం అక్షరం చూసుకుంటే అబద్ధం పట్టుకోవడం కష్టం. దాఖలా నిజంగానే లేదు మరి. ఇలాంటి వాక్యం రాయడానికి కూడా చదువు పనికొస్తుంది.

ఆ రిపోర్టు హార్బరుకి చేరింది. ఎల్లాజి నొక్కలేదని కంపెనీవాళ్లే తేల్చేశారన్నారు. చేపల వేలంపాట దగ్గర అతనితో మాటాడటం మానేశారు. ఈ సంగతి ల్యాబు డ్రైవరు చెబుతుంటే ఉపేంద్ర విన్నాడు. విని, ఆ రోజు అన్నం సహించక, కడుపులో బాగాలేదని విశాలాక్షితో చెప్పి పడుకున్నాడు. ఆవిడ వాము కషాయం కాచి తెచ్చింది. తాగాడు. ఆ కషాయం అంత ప్రేమగా ఇచ్చినందుకు కూడా సిగ్గేసింది.

తర్వాతి ఆదివారం పొద్దున, కెజియా చర్చి నుంచి తిన్నగా ఉపేంద్ర వాళ్లింటికి వచ్చింది. చేతిలో లాప్‌టాప్. భోజనాల బల్ల మీద పెట్టి తెరిచింది. ఈసారి రెండు గ్రాఫులు, పక్కపక్కన.

"సార్, మీరు సూర్యకోణం అన్నారు. సూర్యుడు అలాగే ఉన్నాడు. మెట్లు మాత్రం మాయమయ్యాయి. నేను మీకు చూపించిన రోజు సాయంత్రం నుంచే." ఆ పిల్ల నిలదీస్తున్నట్టు అనలేదు, అర్థం కాక అడిగింది. "మీరేమైనా పంపించారా? పంపిస్తే నాకు చెప్పలేదేం సార్?"

ఉపేంద్ర నోరు తెరిచేలోపే విశాలాక్షి కాఫీ గ్లాసులతో వచ్చింది. గ్లాసులు పెడుతూ తెర వంక చూసి ఆగింది. మొహం విప్పారింది.

"ఇదేంటమ్మా, రాహుకాలాలు వేసుకున్నావు? మీవాళ్లు కూడా చూస్తారా?"

"ఏం కాలాలు ఆంటీ?"

"ఇవే." విశాలాక్షి వేలితో ఒక్కో మెట్టూ ముట్టుకుంటూ చెప్పింది. "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. ఇదిగో శుక్రవారం. ఆదివారం వదిలేశావేం? నాలుగున్నర నుంచి ఆరు." భర్త వైపు తిరిగి నవ్వింది. "చూశారా, మీ ఆఫీసులో కూడా ఒకరున్నారు నాకు తోడు."

కెజియా నవ్వలేదు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. శుక్రవారం పదిన్నర. శనివారం తొమ్మిది. మంగళవారం మూడు.

"మన టీలు" అంది మెల్లగా.

విశాలాక్షికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. ఒకరి మొహం చూసింది, ఇంకొకరి మొహం చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరా?" అంది.

ఆ ఒక్క మాటకి ఉపేంద్ర తల వాలిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఆవిడని చూసి నవ్విన నవ్వులన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఆవిడ ఇప్పుడు నాలుగు దులిపితే బాగుండుననుకున్నాడు. ఆవిడకి ఆ ధ్యాసే లేదు. "పేపర్లో రాశారు, ఆ పడవలో తమ్ముడు పోయింది శుక్రవారమే కదూ" అంది.

"సరిచేశాను" అన్నాడు ఉపేంద్ర. "తెలిసిన రోజే సరిచేశాను. ఇప్పుడు బయటపెడితే ఏమవుతుందో ఆలోచించండి. జనానికి ఆ పెట్టె మీద నమ్మకం పోతుంది. పడవలో పెట్టుకోవడమే మానేస్తారు. అప్పుడింకా ఎక్కువమంది పోతారు."

మాట బాగానే ఉంది. చెబుతున్న తనకే అది కాలేజీ ఉపన్యాసంలా వినిపించింది.

"ఆయన నొక్కానంటున్నాడు సార్" అంది కెజియా.

"తెలుసమ్మా."

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

చూపు దించకుండా అడిగింది. రేపు ఇదే మనిషి కింద పని చెయ్యాలని ఆ పిల్లకి తెలియక కాదు. విశాలాక్షి లేచి, ఎవరూ ముట్టని కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చి కుర్చీ మీద వేసింది.

అలా బయల్దేరాడు ఉపేంద్ర. ఎవరో వీరుడిలా నిజం చెప్పడానికి వెళ్లాడని మాత్రం అనుకోకండి. వేరే దారి లేక వెళ్లాడు. కారులో డైరెక్టరుకి ఫోను చేస్తే, లాయరుతో మాట్లాడేదాకా నోరు విప్పొద్దన్నాడు. ఆ మాట వినగానే లోపల ఎక్కడో హాయి అనిపించింది, వెనక్కి తిరగడానికి వంక దొరికిందని. పక్కన కెజియా కూర్చుని ఉంది కాబట్టి తిరగలేదు.

హార్బరులో మత్స్యకారుల సంఘం హాలు. ఆదివారం కావడంతో ముప్ఫై నలభై మంది పోగయ్యారు. సెక్రటరీ అప్పలస్వామి, పంచె కట్టుకున్న పెద్దమనిషి, ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. ఆడవాళ్లు ఒక పక్క, వాళ్లలో ముందు వరసలో నూకరాజు భార్య పోలమ్మ. పాతికేళ్లుంటాయేమో. ఎల్లాజి రెండో పక్కన, గుమ్మం దగ్గర, ఎవరికీ ఆనకుండా కూర్చున్నాడు.

ఉపేంద్ర లేచి మొదలుపెట్టాడు. బ్యాటరీ సామర్థ్యం అన్నాడు, వినికిడి విభాగం అన్నాడు, శిక్షణ సమయంలో ఏర్పడిన ఖాళీ అన్నాడు. ఆ మాటల వెనక దాక్కోవడం ఎంత సుఖంగా ఉందో అప్పుడే తెలిసింది. అప్పలస్వామి చెయ్యెత్తి ఆపాడు. "మాకు తెలిసేలాగ సెప్పండి బాబూ."

దాక్కోవడానికి ఇంక చోటు లేదు.

"పైన తిరిగే మా ఉపగ్రహం రాహుకాలంలో వినడం మానేసింది" అన్నాడు. "దానికి నేర్పేటప్పుడు మేం రాహుకాలంలో పని ఆపేసేవాళ్లం. ఆ వేళ ఎవరూ పిలవరని అది అనుకుంది. ఆపించింది నేను. ఎల్లాజి నొక్కాడు. సరిగ్గానే నొక్కాడు. వినని తప్పు మాది. నాది."

హాల్లో ఒక్కసారి గుసగుస లేచి అణిగింది. గోడవారగా కూర్చున్న ఒక ముసలాయన అడిగాడు, "అయితే తవరు రాహుకాలం నమ్ముతారా బాబూ?"

"నమ్మను."

"మరేటి?"

ఇంతమంది ముందు, కెజియా ముందు, ఆయన చెప్పగలిగిన నిజం ఒక్కటే మిగిలింది. "భయం" అన్నాడు.

ముసలాయన తలూపాడు. "బయం మాకూ ఉంటాది. అయినా యేటకి ఎల్తన్నాం."

ఎల్లాజి తల ఎత్తలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఉపేంద్ర తిట్లకి సిద్ధపడే వచ్చాడు. ఎవరైనా చొక్కా పట్టుకుంటే పట్టుకోనిద్దామనుకున్నాడు, అదే నయమనిపించింది. కొట్టిన దెబ్బకి కొంత బరువు దిగుతుంది కదా. కాని చొక్కా ఎవరూ పట్టుకోలేదు. పోలమ్మ లేచి నిలబడింది.

"ఇది మీకెప్పుడు తెలిసింది బాబూ?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. "ఎల్లాజి మా దగ్గరకి వచ్చిన మర్నాడు" అన్నాడు.

"నొక్కలేదని మీ కాయితం వచ్చింది తరవాత గదా."

"అవునమ్మా."

"అయితే పెద్దకర్మ నాటికి మీకు తెలుసును."

పెద్దకర్మ ఎప్పుడు జరిగిందో కూడా ఆయన ఎన్నడూ అడగలేదు. లోపల లెక్క చూసుకున్నాడు. "తెలుసు" అన్నాడు.

పోలమ్మ ఏడవలేదు. అందరికీ వినపడేలా, నిదానంగా చెప్పింది. "ఆయేళ మా బావ గుండు సేయించుకునొచ్చి ఈది సివర నిలబడ్డాడు. తమ్ముడికి నీల్లొదుల్తానన్నాడు. కంపినీవోలే సెప్పినారు గదా నువ్వు నొక్కనేదని, మా ఇంటికాడికి రావొద్దన్నాను. మనుసులని పంపించి ఎల్లగొట్టించినాను. సాయంత్రం దాకా ఎండలో నిలబడే ఉన్నాడంట."

ఉపేంద్రకి అప్పుడు కనపడింది, ఎల్లాజి తల మీద ఇంకా పూర్తిగా పెరగని జుట్టు. శుక్రవారం నాటి తప్పు తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది. బోర్డులో నాలుగు వరసలు చెరిపినట్టు దీన్ని చెరపడానికి లేదు. "అమ్మా" అన్నాడు.

పోలమ్మ ఆయన వైపు చూడలేదు. కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఎల్లాజి ముందు నిలబడింది.

"బావా, నెగు. ఇంటికి పోదాం."

ఎల్లాజి లేవలేకపోయాడు. ఇద్దరు మగవాళ్లు వచ్చి చెరో జబ్బా పట్టుకుని లేపారు. పోలమ్మ ముందు నడిచింది, అతను వెనక. ఆడవాళ్లంతా లేచి వాళ్ల వెంట బయల్దేరారు, వాళ్ల వెనక మగవాళ్లు. ఎవరో చిన్నగా మాట్లాడుకుంటున్నారు, నీళ్లొదలడానికి రేపు బాగుంటుందా ఎల్లుండా అని. కెజియా కూడా వాళ్లతో పాటు గుమ్మం దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. వెళ్లేవాళ్లలో ఒక్కరు కూడా ఉపేంద్రని తిట్టలేదు. ఒక్కరు కూడా ఆయన ఇంకా అక్కడే ఉన్నట్టు గుర్తించలేదు.

హాలు ఖాళీ అయింది. అప్పలస్వామి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టడం మొదలుపెట్టాడు. ఊరికే నిలబడి ఉండలేక ఉపేంద్ర కూడా ఒక కుర్చీ ఎత్తాడు. అప్పలస్వామి వచ్చి, ఆ కుర్చీని ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు.

"తవరొద్దు బాబూ" అన్నాడు, ఎంతో మర్యాదగా. "మేం సూసుకుంటాం."